పదకొండూ ఐదుకి నాలుగు వోల్టులు

"మీరొచ్చేసరికి టైమెంత?"

"పదకొండూ నలభై. ఇది మూడోసారి చెప్పడం మేడమ్."

"నాలుగోసారి కూడా చెప్పిస్తానేమో. ఏమీ అనుకోకండి, నాకు మతిమరుపు."

డిటెక్టివ్‌కి మతిమరుపు లేదు. మోకాళ్ల నొప్పులున్నాయి, నిద్ర లేదు. కుర్చీ లేని ఆ ఇన్వర్టర్ గదిలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని, చిన్న నోటుబుక్కును మోకాలి మీద ఆనించుకుంది. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసింది. బయటికొచ్చి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలోనూ ఆమెకు ఎవరూ సరైన కుర్చీ వేసిన పాపాన పోలేదు.

ఎదురుగా నిలబడ్డవాడు సోలార్ కంపెనీ సైట్ ఇంజనీరు. ఇస్త్రీ నలగని చొక్కా, నెమ్మదైన గొంతు. ఆ గది ఒక పెద్ద లాండ్రీ ప్లాంటు టెర్రస్ మీద, లోపలి మెట్లు పైకొచ్చి ఆగే చోట ఉంది. కింద ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల పక్కబట్టలు టన్నులకొద్దీ ఉతుకుతారు. మూడు రోజుల కిందట ఈ గది గోడకు అవతలి పక్క, సోలార్ పలకల వైర్లు వచ్చి కలిసే బాక్సు దగ్గర, ఒక మేస్త్రి కరెంటు కొట్టి చనిపోయాడు.

"మెయిన్ ఎవరు ఆపారు?"

"ఆయనే. పదిన్నరకి. ఇన్వర్టర్‌లో టైము పడింది, చూసుకోండి."

"మెయిన్ ఆపితే కరెంటు పోయినట్టేగా?"

ఇంజనీరు నవ్వాడు. చిన్నపిల్లకు లెక్క చెప్పేవాడి నవ్వు. "బిల్డింగుకు పోయే కరెంటు పోతుంది. పలక నుంచి బాక్సుకొచ్చే వైరులో పోదు మేడమ్. ఎండ ఉన్నంతసేపూ పలక కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. దానికి స్విచ్ లేదు. అందుకే పని చేసే ముందు పలకల్ని కప్పాలి, రబ్బరు గ్లోవ్స్ వేసుకోవాలి, మీటరు పెట్టి చూసుకోవాలి. ఆయన గ్లోవ్స్ వేసుకోలేదు. పలకలూ కప్పలేదు. ఒక్క దుప్పటి కూడా లేదక్కడ. నేనేం చేయను చెప్పండి?"

డిటెక్టివ్ పెన్ను ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది.

"కప్పడానికి మీ కంపెనీ ఏమిస్తుంది?"

"నల్ల పట్టా. టార్పాలిన్. మా రూలే అది."

"అదెక్కడుంది?"

"వ్యాన్‌లో. పొద్దుటి నుంచీ వ్యాన్ కిందే ఉంది, మడత కూడా విప్పలేదు. పెద్దాయన, అనుభవం ఉన్నవాడు. ఆ ధీమాతోనే వదిలేశాడు." నిట్టూర్చాడు. "మంచివాడండీ. ఏం లాభం?"

"గేటు పుస్తకంలో ఆ రోజు మీ పేరు లేదే?"

"మేం రోజూ వచ్చేవాళ్లమే. గేటు దగ్గర రాయరు."

డిటెక్టివ్ బకెట్ మీద నుంచి లేచింది. మోకాలు కటుక్కుమంది. గోడకు ఒక పాత ఇంటర్‌కమ్ ఫోను వేలాడుతోంది. రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకుంది. గుర్రుమని శబ్దం వచ్చింది.

"పని చేస్తోంది" అంది, తనతో తానే మాట్లాడుకుంటున్నట్టు.

"ప్లాంటు వాళ్లది. నాకు దాంతో పని లేదు" అన్నాడు ఇంజనీరు.

*

నిన్న సాయంత్రం మేస్త్రి చెల్లెలు డిటెక్టివ్‌ని వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. అదే లాండ్రీలో మాసిన బట్టలు దింపుకుని విడదీసే విభాగంలో పని. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా అక్కడే నిలబడింది.

"పోయిన మనిషిని తెచ్చిమ్మని అడగడం లేదమ్మా. పోలీసు కాగితంలో 'అజాగ్రత్త వల్ల' అని రాశారు. ఆ ఒక్క మాట తీయించండి చాలు. మా అన్నయ్యని అందరూ ఏమని పిలిచేవాళ్లో తెలుసా? జాగ్రత్త మేస్త్రి. వెక్కిరింతకే పెట్టారనుకోండి. నిచ్చెన మూడో మెట్టు ఎక్కాలన్నా తాడు కట్టుకునేవాడు. మా ఇంట్లో బల్బు మార్చాలంటే వీధిలో అందరికీ చెప్పి మరీ మెయిన్ ఆపేవాడు. ఇరవై రెండేళ్లు పైకప్పుల మీదే బతికాడు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు."

అలాంటి మనిషి చేతులకు గ్లోవ్స్ లేకుండా, ఎడమ చేతిలో ఒక వైరు కొస, కుడి చేతిలో ఇంకో వైరు కొస పట్టుకుని పడి ఉన్నాడు. కరెంటు గుండెలోంచి పోయింది. పదకొండుకీ పదకొండున్నరకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు.

మామూలుగా అయితే డిటెక్టివ్ ఈ కేసు తీసుకునేది కాదు. ప్రమాదం అన్న ముద్ర ఒకసారి పడిన కాగితాన్ని మళ్లీ తెరిపించడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కాలో, ఎంతమంది మొహాలు చిట్లిస్తారో ఆమెకు కంఠతా వచ్చు. కానీ ఆ మనిషి అడిగింది ఒక్క మాట గురించి. కాదనడానికి నోరు రాలేదు.

*

టెర్రస్ మీద ఇన్‌స్పెక్టర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. పదేళ్ల కిందట ఈ ఇన్‌స్పెక్టర్ ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆమెను చూడగానే వాచీ చూసుకున్నాడు.

"మేడమ్, నాలుగింటికి రిపోర్టు పైకి పంపాలి. ప్లాంటు వాళ్లు సోలార్ కరెంటు లేదని నెత్తిన కూర్చున్నారు. మీరు గట్టిగా అడిగారని అరగంట ఆగాను. అంతే."

"అరగంటలో నా మోకాళ్లు ఈ చివరి నుంచి ఆ చివరికి కూడా పోవు. అయినా సరే, పద."

టెర్రస్‌కి ఈ కొసన లోపలి మెట్లు, ఇన్వర్టర్ గది. ఆ కొసన బయటి నుంచి ఇనప మెట్లు. మధ్యలో ఒకే వరసలో పదహారు సోలార్ పలకలు, ఏటవాలుగా. బాక్సు మాత్రం గది గోడ చాటున ఉంది. అక్కడ గొంతుక్కూర్చుని పని చేసేవాడికి పలకలు కనబడవు. పక్కనే బాయిలర్ పొగగొట్టం హోరు పెడుతోంది.

గోడ పక్కన మేస్త్రి రేకు డబ్బా ఇంకా అలాగే ఉంది. మూత మీద రబ్బరు గ్లోవ్స్, ఒకదాని మీద ఒకటి, వేళ్లన్నీ ఒకే వైపుకి.

"ఇవి నువ్వు సర్దావా?"

"లేదు. అలాగే ఉన్నాయి. ఫోటో తీశాం."

"వేసుకోవడం మరిచిపోయినవాడి గ్లోవ్స్ డబ్బా లోపల ఉంటాయి. ఇతను వేసుకుని, తీసి, చక్కగా పేర్చి పెట్టాడు. ఎందుకు?"

"ఉక్కపోసి ఉంటుంది."

డిటెక్టివ్ వైరు కొస చూపించింది. బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద పిన్ను, సగం బిగించి ఉంది. "కాలిపోయిన పిన్ను తీసి కొత్తది వేస్తున్నాడు. ఇంత చిన్నదాన్ని ఆ మందం గ్లోవ్స్‌తో పట్టుకోవడం కుదరదు. ఏదో ఒక దశలో తీయాల్సిందే. ఎప్పుడు తీస్తాడు? వైరులో కరెంటు లేదని ఖాయం చేసుకున్నాక."

"ఖాయం చేసుకున్నాడని మీకెవరు చెప్పారు?"

"ఆయనే."

గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగి, మేస్త్రి కూర్చున్న చోటే గొంతుక్కూర్చుంది. ఆ ఎత్తులో, పైపు నీడలో, గోడ మీద సుద్దముక్కతో రెండు వరసలు రాసి ఉన్నాయి. నిలబడి చూసేవాడికి కనిపించవు.

11:05 – 4 వో.
ఎర్తు లేదు.

ఇన్‌స్పెక్టర్ కూడా వంగాడు.

"నాలుగు వోల్టులు" అంది డిటెక్టివ్. "టార్చిలైటు పాటి. మిట్ట మధ్యాహ్నం కావస్తుంటే పదహారు పలకల వైరులో ఉండాల్సింది ఆరొందలు. నాలుగే ఉందంటే పలకలన్నీ దట్టంగా కప్పి ఉన్నాయి. మీటరు చూశాడు, టైము రాశాడు, గ్లోవ్స్ తీశాడు. తర్వాత పావుగంటలోనో ఇరవై నిమిషాల్లోనో ఆ నాలుగు కాస్తా మనిషిని చంపేంత అయింది."

"సుద్దగీత ఎవరైనా గీయొచ్చు."

"డబ్బాలో సుద్దముక్కలు ఓ గుప్పెడున్నాయి. ఇలా రాయడం ఆయన అలవాటేమో ఆయనతో పనిచేసినవాళ్లని అడుగు. నాలుగింటికి పైకి పంపాలన్న తొందర లేకపోతే ఈపాటికి అడిగుండేవాడివి."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. "మీరే నేర్పారు కదా మేడమ్, కంటికి కనబడింది రాయమని. పలకల మీద కప్పు లేదు. పట్టా వ్యాన్‌లో ఉంది. అదే రాశాను."

"వంగి చూడమని కూడా నేర్పాననుకున్నాను."

ఆ మాట అన్నాక ఆమెకే బాగా అనిపించలేదు. లేవబోతే ఇన్‌స్పెక్టర్ చెయ్యి అందించాడు. పట్టుకుని లేచింది. ఇద్దరూ పలకల వరస దగ్గరికి నడిచారు.

బాయిలర్ పొగ వల్ల టెర్రస్ మీద సన్నటి మసి ఎప్పుడూ రాలుతూ ఉంటుంది. పలకల మీద ఆ మసి పొరలో వెడల్పాటి చారలున్నాయి. ఏదో బరువైన గుడ్డను కప్పి, తర్వాత లాగేసినట్టు. డిటెక్టివ్ మొదటి పలక నుంచి చివరి పలక దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచింది. తిరిగొచ్చి ఎనిమిదో పలక దగ్గర ఆగింది.

"అటు ఎనిమిదీ చూడు. చారలు ఇనప మెట్ల వైపుకి పోతున్నాయి. ఇటు ఎనిమిదీ చూడు. గది వైపుకి. ఒకే మనిషి తీస్తే అన్నీ ఒకే వైపుకి పోయేవి."

"ఇద్దరు తీశారంటారు."

"రెండు సార్లు తీశారు. ఇందాక మీ ఇంజనీరుని పలకలు కప్పారా అని నేను అడగనే లేదు. ఆయనే చెప్పాడు, ఒక్క దుప్పటి కూడా లేదని. వాళ్ల కంపెనీ ఇచ్చేది పట్టా. దుప్పటి అన్న మాట ఆయన నోటికి ఎలా వచ్చింది?"

గోడ మీది 'ఎర్తు లేదు' గుర్తొచ్చి ఇన్‌స్పెక్టర్ మళ్లీ బాక్సు దగ్గరికి నడిచాడు, వెనకే డిటెక్టివ్. బాక్సు నుంచి దిగే ఆకుపచ్చ వైరు వెంట చూపు పోనిచ్చాడు. అది ఎర్తు వైరు. ఎక్కడైనా కరెంటు లీకైతే మనిషిని కొట్టకుండా భూమిలోకి తీసుకుపోవాల్సినది. గోడ దిగువన ప్లాస్టరు కొంచెం పగలగొట్టి ఉంది. మేస్త్రి పనే అయ్యుంటుంది. ఆ కన్నంలో వైరు జానెడు దూరం పోయి ఆగిపోయింది. కొస గాలిలో ఉంది. కింద దేనికీ కలపలేదు.

"ఎర్తు సరిగ్గా ఉందని సంతకం పెట్టింది ఎవరు?" అని అడిగింది డిటెక్టివ్.

"ఈ ఇంజనీరే." ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గింది. "పోయిన ఏడాది బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి కలిపే మిషను ముట్టుకుని ఒకతను పోయాడు. ఆ ఫ్యాక్టరీ పైకప్పు మీద కూడా వీళ్ల పలకలే. ఎర్తు కాగితం మీద సంతకం ఈయనదే."

"ఆ కేసు ఎవరు మూశారు?"

"నేనే. ప్రమాదం అని."

ఆమె తిట్టలేదు. తిట్టడానికి ఓపిక కావాలి. పైగా తన పాత కేసుల్లో కూడా అలాంటివి రెండో మూడో ఉన్నాయని ఆమెకు తెలుసు. "వ్యాన్ ఎక్కడ పెట్టాడో చూసి ఉంచు. తెరవకు. నేను కిందికెళ్లి ఆ దుప్పట్ల సంగతి తెలుసుకుని వస్తాను" అంది.

*

కింద వాషింగ్ విభాగంలో మనిషి మాట మనిషికి వినబడదు. ఆరు పెద్ద యంత్రాలు, నేల నిండా సబ్బునీళ్లు. వాటన్నిటికీ పెద్దదిక్కు ఒక ముసలావిడ. ప్రతి లోడుకీ ఒక ఇత్తడి బిళ్ల తగిలించి, టైము పుస్తకంలో ఎక్కిస్తుంది. అందరూ ఆమెను టోకెన్ పిన్ని అంటారు.

"జాగ్రత్త మేస్త్రా? పొద్దున్నే తొమ్మిదింటికి వచ్చాడు" అంది పిన్ని అరుపులాంటి గొంతుతో. "ఆసుపత్రివాళ్లు వద్దన్న ముదురు నీలం దుప్పట్లు ఆ మూల పడున్నాయి చూడు, అవి అడిగాడు. పట్టా అయితే గాలికి లేచిపోతుంది పిన్నీ, ఇవైతే బరువుగా కూర్చుంటాయి, వెలుగు దూరదు అన్నాడు. పదహారు లెక్కపెట్టి తీసుకుపోయాడు. నన్ను కూడా వదల్లేదు, నేల తడిగా ఉంది, చెప్పులు మార్చుకో పిన్నీ అని పోరాడు." చీరకొంగుతో మొహం తుడుచుకుంది. అది చెమటో కన్నీళ్లో ఆ ఆవిరిలో తెలియలేదు.

"ఆ పదహారూ తిరిగొచ్చాయా?"

పిన్ని పుస్తకం తిప్పింది. వేలు ఒక గీత మీద ఆగింది. "ఎనిమిది. పదకొండూ ఇరవై లోడులో వేశాం. మసి, మురికి. రెండుసార్లు తిప్పినా వదల్లేదు."

"ఎవరు తెచ్చారు?"

"అదేంటమ్మా, నీకు చెప్పలేదా?" పిన్ని ఆశ్చర్యంగా చూసింది. "నిన్ను పిలుచుకొచ్చిందిగా, ఆవిడే. మేస్త్రి చెల్లెలే తెచ్చి వేసింది."

యంత్రం ఏదో నీళ్లు వదిలింది. డిటెక్టివ్ చెప్పులు తడిసిపోయాయి. పక్కకు జరగాలని కూడా తోచలేదామెకు.

*

చెల్లెలు మాసిన బట్టల గదిలో ఒక మూట మీద కూర్చుని ఉంది. ఆ రోజు ఆమెకు పని లేదు. గేటు దగ్గర డిటెక్టివ్‌ని లోపలికి పంపించడానికని వచ్చి, ఇంటికి పోబుద్ధి కాక ఉండిపోయింది. ఊరికే కూర్చోలేక దిండు గలీబులు విడదీసి వేరే కుప్ప పెడుతోంది.

డిటెక్టివ్ ఆమె పక్కనే ఇంకో మూట మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. దొంగల్నీ హంతకుల్నీ అడిగినంత సులువు కాదిది.

"ఆ రోజు నువ్వు ఎన్నింటికి పనిలోకి వచ్చావమ్మా?"

"పదింటికి."

"పైకి వెళ్లావా?"

"ఒక్కసారి వెళ్లాను. దుప్పట్ల కోసం." చేతిలో గలీబు మడతపెడుతూనే ఉంది. "ఇంటర్‌కమ్ మోగింది. ఆసుపత్రి దుప్పట్లు ఎనిమిది టెర్రస్ మీద ఆరేశారు, మసి పట్టి ఉంటాయి, మళ్లీ లోడులో వేయాలి, ఇనప మెట్ల వైపు నుంచి వెళ్లి ఆ పక్కవి తెచ్చెయ్ అన్నారు. వెళ్లాను. ఆ పలకల మీద ఆరేసి ఉన్నాయి. ఎండ బాగా తగులుతుందని అక్కడ ఆరేశారు కాబోలనుకున్నాను."

"అప్పుడు టైమెంత?"

"పదకొండు దాటింది. ఓ ఏడు నిమిషాలో ఎనిమిదో. లోడు టైము దగ్గరపడుతోందని గడియారం చూశాను."

"మీ అన్నయ్య కనబడ్డాడా?"

"కనబడలేదు. గోడవతల ఉన్నాడు. దుప్పట్లు లాగుతుంటే చప్పుడైంది కదా, 'ఎవరది?' అని గట్టిగా అరిచాడు. నేనే అన్నయ్యా అన్నాను." ఆమె మొహంలోకి చిన్న వెలుగు వచ్చింది. "గొంతు మారిపోయింది వెంటనే. 'నువ్వా, అంచుకి పోకు, చూసుకుని దిగు' అన్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే. అదే ఆఖరి మాట నాతో. అదైనా దక్కింది అనుకుంటున్నాను మూడు రోజుల నుంచీ."

డిటెక్టివ్ తల దించుకుంది. ముప్పై నాలుగేళ్లలో చాలా ఇళ్ల తలుపులు కొట్టి చాలా కబుర్లు చెప్పింది. ఇలాంటిది ఒక్కటీ లేదు.

చెల్లెలి చేతులు నెమ్మదించాయి. "దుప్పట్ల సంగతి ఎందుకడుగుతున్నారు?"

డిటెక్టివ్ నోటుబుక్కు మూసింది.

"అమ్మా. దుప్పట్ల సంగతి ఎందుకు?"

"అవి ఆరేసినవి కాదమ్మా" అంది డిటెక్టివ్. "పలకల మీద ఎండ పడకుండా మీ అన్నయ్య కప్పుకున్నవి."

గలీబు జారిపడింది. కరెంటు పనివాడి చెల్లెలు ఆమె. మిగతాది ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కళ్లముందే ఆమె మొహం ముడుచుకుపోవడం, మళ్లీ విచ్చుకుని ఏ భావమూ లేకుండా అయిపోవడం డిటెక్టివ్ చూసింది. ఆమె తన రెండు అరచేతుల వైపు చూసుకుంది. ఏడవలేదు.

"నేనే" అంది.

"నువ్వు కాదు."

"నేనే తీశాను. ఎనిమిదీ. ఒక్కొక్కటే లాగి..."

"విను." డిటెక్టివ్ ఆమె చేతులు రెండూ పట్టుకుంది. చాలా గట్టిగానే పట్టుకుంది. "ఇంటర్‌కమ్‌లో ఎవరు?"

"ఇంజనీరు సారు. 'చెల్లెమ్మా' అంటారు నన్ను. ఆయనే. ప్లాంటు వాళ్లు చెప్పమన్నారన్నారు."

తలుపు దగ్గర అలికిడి అయింది. ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొచ్చాడో, నిలబడి అంతా విన్నాడు. టోపీ చేతిలో ఉంది.

"పదకొండూ ఏడుకి ఫోను చేశాడు" అన్నాడు. "పదకొండూ నలభైకి వచ్చానన్నవాడు."

"పైనుంచే చేశాడు. ఆ గదిలోంచే" అంది డిటెక్టివ్. "తలుపు సందులోంచి చూస్తూ ఉండి, మేస్త్రి గ్లోవ్స్ తీయగానే తలుపేసుకుని ఫోను చేశాడు. పని అయ్యాక మిగతా ఎనిమిదీ తనే తీసి, లోపలి మెట్ల మీదుగా వ్యాన్‌లో వేసుకున్నాడు. ఒక్క దుప్పటీ లేదని అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు."

"అలాంటప్పుడు మొదటి ఎనిమిదీ కూడా తనే తీయొచ్చుగా? ఈమెను ఎందుకు పంపినట్టు?"

డిటెక్టివ్‌కి జవాబు తెలుసు. చెల్లెలి ముందు అనడానికి మనసొప్పలేదు. కానీ ఆ మనిషి కళ్లు తన మీదే ఉన్నాయి. దాచిపెట్టి ప్రయోజనం లేదు. ఇంటికెళ్లాక ఒంటరిగా ఎలాగూ ఆలోచిస్తుంది.

"జాగ్రత్త మేస్త్రి కాబట్టి" అంది. "పలకల దగ్గర తెలియని అడుగుల చప్పుడు వినిపిస్తే ఆయన చేతిలో వైరు వదిలి లేచి చూసేవాడు. ఇంజనీరు గొంతు విన్నా లేచేవాడు, ఎర్తు లేదని బయటపడితే బిస్కెట్ల ఫ్యాక్టరీ చావు కూడా తన మెడకే చుట్టుకుంటుందని ఆ పొద్దున్నే ఇద్దరికీ చెడి ఉంటుంది. లేవకుండా ఉండాలంటే ఆయన భయపడని గొంతు ఒకటి కావాలి. అది ఈ ప్లాంటులో ఒక్కటే ఉంది."

గోడ వెనక యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

కొంతసేపటికి చెల్లెలు అడిగింది. "కాగితంలో మాట మారుస్తారా?"

"మారుస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నా చేత్తోనే. బిస్కెట్ల ఫ్యాక్టరీది కూడా." తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగాడు. "కానీ మేడమ్, సాక్ష్యం? ఇంటర్‌కమ్ మాటలు ఎక్కడా రికార్డు కావు. ఆయన అనలేదంటాడు, ఈమె అన్నాడంటుంది. అప్పుడు దుప్పట్లు తీసింది ఈమె ఒక్కతే అవుతుంది."

అది నిజం. డిటెక్టివ్ కూడా అదే ఆలోచిస్తోంది. వ్యాన్‌లో ఆ ఎనిమిది దుప్పట్లు ఇంకా ఉంటే సరే. మూడు రోజులయింది. తెలివైనవాడైతే ఈపాటికి...

చెల్లెలి ఒళ్లో ఫోను మోగింది.

ఆమె తెర చూసి, ముగ్గురికీ కనబడేలా పట్టుకుంది. ఇంజనీరు. డిటెక్టివ్ స్పీకరు గుర్తును వేలితో చూపించింది. చెల్లెలు స్పీకరు నొక్కింది. ఇన్‌స్పెక్టర్ తన ఫోను తీసి రికార్డింగ్ పెట్టాడు.

"చెప్పండి సార్."

"చెల్లెమ్మా, ఆ డిటెక్టివ్ మేడమ్ నీ దగ్గర ఉందా?"

"లేదు సార్. వెళ్లిపోయింది."

"ఏమడిగింది?"

"అన్నయ్యకి తాగుడు అలవాటుందా అని అడిగింది సార్. లేదన్నాను."

డిటెక్టివ్ ఆమె వంక చూసింది. అంత నిబ్బరం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు.

"మంచిది. చూడమ్మా, మీ అన్నయ్య పేరు ఎందుకు చెడగొట్టాలని చెబుతున్నాను." నెమ్మదైన గొంతు, తేనె కలిపినట్టు. "ప్లాంటు దుప్పట్లు ఇంకో ఎనిమిది నా వ్యాన్‌లో ఉండిపోయాయి. మీ అన్నయ్యే పడేశాడనుకుంటా. పోలీసులు చూస్తే దొంగతనం అంటారు. ఇనప మెట్ల కింద పెడుతున్నాను. ఎవరికీ కనబడకుండా తీసుకెళ్లి ఇప్పుడు నడిచే లోడులో వేసెయ్. ఒక్కదానివే రా. సరేనా?"

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు కదలబోయాడు. డిటెక్టివ్ చెయ్యెత్తి, ఇంకొంచెం మాట్లాడించమన్నట్టు సైగ చేసింది.

"ఆ రోజు తెచ్చిన వాటిలాంటివేనా సార్? నీలంవి?"

"అవేనమ్మా. ఆ రోజు సగం తెచ్చావుగా. మిగతా సగం."

"మీరు ఫోన్ చేసి చెప్పినవి."

అటు వైపు బాయిలర్ హోరు వినిపిస్తోంది. "ఆఁ, అవే. అది ఎవరితోనూ అనలేదు కదా?"

"లేదు సార్. వస్తున్నాను."

ఫోను పెట్టేసింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దాటాడు. లోపలి మెట్లకు ఒక కానిస్టేబుల్ని, గేటుకు ఇంకొకర్ని పంపుతూ చిన్న గొంతుతో ఆజ్ఞలు ఇస్తున్నాడు. డిటెక్టివ్ లేచి నిలబడింది.

"నువ్వు ఇక్కడే కూర్చో. చాలు నువ్వు చేసింది. ఆయన చేతిలో ఏముందో, నిన్ను అక్కడికి ఎందుకు రమ్మన్నాడో మనకు తెలియదు. దుప్పట్లు నిజమో అబద్ధమో కూడా తెలియదు."

చెల్లెలు వంగి, కిందపడ్డ గలీబు తీసి కుప్ప మీద వేసింది. జుట్టు ముడి వేసుకుంది. చెప్పులు వేసుకుంది.

"నేను వెళ్లకపోతే ఆయన దుప్పట్లు బయటికి తీయడమ్మా. వ్యానెక్కి పోతాడు." తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది. "ఒకసారి తెలియక వెళ్లాను. ఈసారి తెలిసి వెళ్తాను."

డిటెక్టివ్ ఆపబోయి ఆగిపోయింది. ఆ మనిషి వెనకే, పది అడుగుల దూరంలో, గోడ పట్టుకుంటూ, తడి నేల మీద తన మోకాళ్లు వెళ్లగలిగినంత వేగంగా నడక మొదలుపెట్టింది.